బలవంతం లేకుండా కూర్చోవాల్సిన పళ్ల వరుస

భిలాయి ఉక్కు కర్మాగారంలో రైలు పట్టాల విభాగంలో పనిచేసిన వాళ్లకు బాగా తెలిసిన సంగతి ఒకటుంది. ఎర్రగా కాలుతున్న పట్టాను కావలసిన పొడవుకు సరిగ్గా కోయరు, కాస్త ఎక్కువ ఉంచి కోస్తారు. చల్లారాక లోహం కుంచించుకుపోతుంది కాబట్టి. తగ్గేది సుమారు ఒక శాతమే. కానీ 130 మీటర్ల పట్టాలో ఒక శాతమంటే మీటరు పైమాటే. ఆ లెక్క తప్పితే పట్టా పనికిరాదు.

సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందంతో మొదలైన ఈ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు భిలాయి చేరాయి. ఆ ఊళ్లో క్యాంప్-2లాంటి పేటల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది.

అలాంటి పేటలో ఉంటున్న ఒక రిటైరైన కార్మికుణ్ణి ఊహించుకుందాం. వయసు డెబ్బైకి దగ్గర. కింది దవడలో పళ్లన్నీ పోయాయి. పెట్టుడు పళ్లు అన్నం తినేటప్పుడు ఊగుతున్నాయి, మాట్లాడేటప్పుడు పైకి లేస్తున్నాయి. పంటి డాక్టరు ఒక దారి చూపించాడు. దవడ ఎముకలో నాలుగైదు ఇంప్లాంట్లు దింపి, వాటిపై మొత్తం పళ్ల వరుసను ఒకే ముక్కగా స్క్రూలతో బిగిస్తారు. కొలతలన్నీ డిజిటల్‌గానే, నోట్లో ముద్ద పెట్టి అచ్చు తీసే పని ఉండదు.

పట్టాలు కొలిచిన మనిషి కదా, ఆయన అడిగే ప్రశ్న సూటిగా ఉంటుంది: "ఎంత తేడా వరకు ఒప్పుకుంటారు డాక్టరుగారూ? ఆ తేడా లేదని ఎలా తెలుసుకుంటారు?"

ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నలకు జవాబు.

పంటికున్న మెత్తదనం ఇంప్లాంటుకు లేదు

సహజమైన పన్ను ఎముకలో నేరుగా దిగి ఉండదు. పంటి వేరుకూ ఎముకకూ మధ్య సుమారు 0.2 మిల్లీమీటరు మందాన సన్నని పీచు పొర ఉంటుంది. గట్టి పదార్థం కొరికినప్పుడు పన్ను ఈ పొరలో కొద్దిగా కదులుతుంది. నిలువుగా ఆ కదలిక 25 నుంచి 100 మైక్రాన్లు. ఒక మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం ఇంచుమించు 70 మైక్రాన్లు.

ఇంప్లాంటు సంగతి వేరు. స్వీడన్‌కు చెందిన పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ల ఎముకలో టైటానియం పరికరాలు అమర్చి రక్తప్రసరణను పరిశీలించేవారు. ప్రయోగం ముగిశాక వాటిని తీయబోతే రాలేదు. ఎముక టైటానియాన్ని పట్టేసుకుంది. ఆ గుణాన్ని ఆధారం చేసుకుని 1965లో ఆయన మొదటిసారి ఒక మనిషి దవడలో ఇంప్లాంట్లు అమర్చారు. ఎముకతో ఇలా కలిసిపోయిన ఇంప్లాంటుకు పీచు పొర ఉండదు. నిలువుగా దాని కదలిక 3 నుంచి 5 మైక్రాన్లే.

దీని పర్యవసానం పెద్దది. సహజమైన పళ్లపై బ్రిడ్జి కాస్త తేడాగా ఉన్నా పళ్లు కొంత సర్దుకుంటాయి. క్లిప్పులు వేస్తే పళ్లు వరుసలోకి రావడం మనకు తెలుసు. ఇంప్లాంటు అలా జరగదు. నాలుగు ఇంప్లాంట్లపై కూర్చోవాల్సిన పళ్ల వరుసలో ఒక మూల వెంట్రుక మందం పైకి లేచి ఉంటే, స్క్రూ బిగించగానే ఆ సందు మూసుకుపోతుంది. పైకి అంతా బాగానే కనిపిస్తుంది. కానీ సందు మూసింది అమరిక కాదు, స్క్రూ బలం. ఈ స్క్రూలను సాధారణంగా 15 న్యూటన్-సెంటీమీటర్ల మెలితో బిగిస్తారు. చేతికి అది చిన్న మెలే. అయితే సన్నని మరల వల్ల అది పదుల కిలోల బరువుకు సమానమైన లాగుడుగా మారుతుంది. వంగిన ఫ్రేమ్, సాగిన స్క్రూ, వాటిని పట్టుకున్న ఎముక ఆ ఒత్తిడిని ఏళ్ల తరబడి మోస్తూనే ఉంటాయి.

బిగించకముందే, ఏ బలమూ లేకుండా, అన్ని ఇంప్లాంట్లపైనా పళ్ల వరుస ఒకేసారి ఆనాలి. దంతవైద్యులు దీన్నే పాసివ్ ఫిట్ అంటారు.

ఎంత తేడా వరకు?

బ్రోనెమార్క్ 1983లో సూచించిన హద్దు 10 మైక్రాన్లు. ఆదర్శంగా అది బాగుంటుంది, ఆచరణలో అందుకోవడం చాలా కష్టం. 1991లో స్వీడన్‌కే చెందిన టోర్స్టెన్ యెమ్ట్ 150 మైక్రాన్ల లోపు తేడాను రోగిలో ఒప్పుకోవచ్చని ప్రతిపాదించారు. అంటే రెండు వెంట్రుకల మందం. ఇప్పటికీ ఎక్కువమంది చెప్పే అంకె ఇదే. అయితే ఇది ప్రకృతి గీసిన గీత కాదు, అనుభవం నుంచి వచ్చిన అంచనా.

హద్దు దాటితే ఏమవుతుంది? ఇక్కడ రెండు విషయాలను విడదీసి చూడాలి. స్క్రూలు వదులవడం, విరగడం, ఫ్రేమ్ పగలడం, పైపూత పింగాణీ పెచ్చులుగా ఊడడం వంటి యాంత్రిక ఇబ్బందులకు, సరిగా కుదరకపోవడానికి సంబంధం ఉందని దంతవైద్యులు విస్తృతంగా ఒప్పుకుంటారు. ఎముక అరుగుదల విషయం అంత తేటగా లేదు. 1996లో యెమ్ట్ బృందం ప్రచురించిన అధ్యయనంలో అమరిక తేడాకూ ఎముక తగ్గడానికీ సూటి సంబంధం కనబడలేదు. కొంత తేడాను ఎముక సహిస్తుందన్నమాట. అలాగని నిర్లక్ష్యం చేయడానికి లేదు. తెగిన స్క్రూ ముక్క ఇంప్లాంటు లోపల ఇరుక్కుంటే దాన్ని తీయడం రోగికీ డాక్టరుకూ నరకం. ఒక్కోసారి ఇంప్లాంటే పనికిరాకుండా పోతుంది.

పాత దారి: ముద్ద, మైనం, పోత

డిజిటల్ పద్ధతి ఎందుకు వచ్చిందో తెలియాలంటే పాత పద్ధతిలో తేడా ఎక్కడెక్కడ చేరుతుందో చూడాలి. ఇంప్లాంట్లకు కొలత పోస్టులు బిగించి, వాటిని ఒకదానికొకటి రెజిన్‌తో కలిపి, ట్రేలో ముద్దతో అచ్చు తీస్తారు. రెజిన్ గట్టిపడుతూ కుంచించుకుంటుంది. అందుకే జాగ్రత్తపరులు దాన్ని మధ్యలో కోసి, మళ్లీ కొద్దిపాటి రెజిన్‌తో అతుకుతారు. అచ్చులో ప్లాస్టర్ పోసి దవడ నమూనా చేస్తారు. ప్లాస్టర్ గట్టిపడుతూ కొద్దిగా వ్యాకోచిస్తుంది. దానిపై మైనంతో ఫ్రేమ్ చెక్కి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోస్తారు.

ఇక్కడ మన రైలు పట్టా లెక్క మళ్లీ వస్తుంది. కోబాల్ట్-క్రోమియం మిశ్రలోహం పోత పోసి చల్లారేసరికి సుమారు 2 శాతం కుంచించుకుంటుంది. దవడ వంపు అడ్డంగా 50 మిల్లీమీటర్లు అనుకుంటే 2 శాతం అంటే ఒక మిల్లీమీటరు, అంటే 1000 మైక్రాన్లు. ఒప్పుకునే హద్దుకు అది ఆరింతలు పైనే. పోత అచ్చు పదార్థం వేడికి వ్యాకోచించి ఈ లోటును చాలావరకు పూడుస్తుంది, కానీ పూర్తిగా కాదు. పట్టా నిటారుగా ఉంటుంది కాబట్టి దానికి పొడవు లెక్క చూసుకుంటే చాలు. పళ్ల వరుస గుర్రపు లాడం ఆకారం. అది కుంచించుకునేటప్పుడు మెలి కూడా తిరుగుతుంది. అందుకే ఆ రోజుల్లో ఫ్రేమ్‌ను ముక్కలుగా కోసి, నోట్లో సరిచూసి, మళ్లీ అతికించడం మామూలు పని.

కంప్యూటర్‌తో ఈ కష్టం తప్పించవచ్చన్న ఆలోచన కొత్తది కాదు. ఫ్రాన్స్‌లో ఫ్రాన్స్వా డ్యూరే 1973లోనే కాంతితో అచ్చు తీయడంపై సిద్ధాంత గ్రంథం రాశారు. 1985లో జ్యూరిక్‌లో వెర్నర్ మోర్మాన్, మార్కో బ్రాండెస్టీనీ తయారుచేసిన సెరెక్ యంత్రం రోగి కుర్చీ పక్కనే ఒక పంటి పూరకాన్ని చెక్కి ఇచ్చింది. ఒక పన్నుకు బాగా పనిచేసింది. మొత్తం దవడకు వచ్చేసరికి కొత్త చిక్కు ఎదురైంది.

నోట్లో తిరిగే కెమెరా

ఇప్పటి స్కానర్ చూడ్డానికి కాస్త లావైన టూత్‌బ్రష్‌లా ఉంటుంది. ఇంప్లాంట్ల పైన స్కాన్ బాడీ అనే చిన్న స్తంభాలు బిగిస్తారు. వాటి ఆకారం కంప్యూటర్‌కు ముందే తెలుసు. స్తంభం ఎక్కడ, ఏ వాలులో ఉందో కనిపిస్తే కింద ఇంప్లాంటు ఎక్కడుందో లెక్క కట్టవచ్చు.

చిక్కు ఎక్కడంటే, స్కానర్‌కు ఒక్కసారి కనిపించేది రెండు మూడు పళ్ల మేర మాత్రమే. అది వందల, వేల చిన్న చిత్రాలు తీసి, పక్కపక్క చిత్రాల్లో ఉమ్మడిగా ఉన్న భాగాన్ని గుర్తుపట్టి, ఒకదానికొకటి కుట్టుకుంటూ పోతుంది. 15 సెంటీమీటర్ల బడిపిల్లల స్కేలుతో 130 మీటర్ల పట్టాను కొలిచినట్టు ఇది. స్కేలు దాదాపు 870 సార్లు ఎత్తి పెట్టాలి. ప్రతిసారీ పదో వంతు మిల్లీమీటరు ఒకే వైపు జరిగితే చివరికి తేడా 8 సెంటీమీటర్లు దాటుతుంది. ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు జరిగితే కొంత సర్దుకుంటుంది. కానీ సర్దుకుంటుందన్న హామీ లేదు.

వాలులో తేడా ఇంకా మోసకారి. కుట్టులో ఎక్కడో ఒకచోట 0.1 డిగ్రీ తిరిగితే కంటికి కనబడదు. 50 మిల్లీమీటర్ల అవతల ఉన్న ఇంప్లాంటు దగ్గరకు వచ్చేసరికి అదే దాదాపు 87 మైక్రాన్ల తేడా అవుతుంది. మన హద్దులో సగానికి పైగా అక్కడే ఖర్చయిపోయింది.

పళ్లున్న నోట్లో స్కానర్‌కు ఆనవాళ్లు చాలా దొరుకుతాయి: గుంటలు, అంచులు, పంటి సందులు. పళ్లు లేని చిగురు నున్నగా, తడిగా, అంతటా ఒకే రంగులో ఉంటుంది. ఏ చిత్రం ఏ చోటిదో కంప్యూటర్ పొరబడవచ్చు. కింది దవడలో నాలుక కదులుతూ ఉండడం మరో ఇబ్బంది. అందుకే చిగురుపై తాత్కాలిక గుర్తులు అతికించడం, స్కాన్ బాడీల మధ్య గుర్తులున్న కడ్డీలు కలపడం, అడ్డంగా పొడుచుకొచ్చి ఒకదానికొకటి దగ్గరయ్యే స్కాన్ బాడీలు వాడడం, ప్రతిసారీ ఒకే దారిలో స్కాన్ చేయడం వంటి ఉపాయాలు వచ్చాయి. వీటన్నిటి ఉద్దేశం ఒకటే, స్కానర్‌కు నడవడానికి గుర్తులు ఇవ్వడం.

బయటి నుంచి చూసే కెమెరా

ఇంకో దారి కుట్టుపనినే మానేయడం. ఫోటోగ్రామెట్రీ పద్ధతి చేసేది అదే. రెండు కళ్లతో చూసి దూరాన్ని అంచనా వేసినట్టు, ఒకే వస్తువును వేర్వేరు కోణాల నుంచి చూసి త్రికోణాల లెక్కతో దాని చోటు తేల్చడం దీని మూలసూత్రం. విమానం నుంచి తీసిన ఫోటోలతో మ్యాపులు గీసే విద్య ఇదే. ఇంప్లాంట్లకు దీన్ని వాడవచ్చని స్వీడన్ పరిశోధకులు 1994లోనే చూపించారు.

ఇంప్లాంట్లపై చుక్కల గుర్తులున్న చిన్న జెండాల్లాంటివి బిగిస్తారు. ఒక్కో జెండాపై చుక్కల అమరిక ఒక్కో రకం, కాబట్టి ఏది ఏదో కంప్యూటర్ తికమకపడదు. నోటి బయట పట్టుకున్న పరికరంలోని కెమెరాలు ఒకే చూపులో పలు జెండాలను కలిపి చూస్తాయి. వాటి మధ్య దూరం, వాలు నేరుగా దొరుకుతాయి. ఒక చివర నుంచి మరో చివరకు తప్పు కూడుతూ పోయే ప్రశ్నే ఉండదు. స్పెయిన్‌లో తయారైన పిక్ కెమెరా, స్విట్జర్లాండ్‌లో తయారైన ఐక్యామ్‌4డి ఈ కోవలోవి.

ఈ కెమెరాకు చిగురు కనబడదు, జెండాలే కనబడతాయి. అందుకని చిగురు ఆకారాన్ని నోటి స్కానర్‌తో తీసి, రెండింటినీ కంప్యూటర్‌లో కలుపుతారు. అలా కలిపినప్పుడు మళ్లీ తేడా రాదా? వస్తుంది, కానీ అది పడే చోటు మారుతుంది. చిగురు మెత్తన. అక్కడ 100 మైక్రాన్ల తేడా వచ్చినా పెద్దగా పట్టింపు లేదు. ఇంప్లాంటు దగ్గర అంతే తేడా వస్తే పట్టింపు ఉంది. తేడా సహించగలిగే చోటికి తేడాను తోసేయడంలోనే ఈ పద్ధతి తెలివి ఉంది.

ఏ కెమెరా అయినా దాటలేని విషయం ఇంకొకటుంది. నోరు బాగా తెరిచినప్పుడు కండరాల లాగుడుకు కింది దవడ కొద్దిగా లోపలికి వంగుతుంది. పూర్తిగా తెరిచిన నోట్లో కొలిస్తే, వంగిన దవడ కొలత వస్తుంది. అందుకే నోరు మరీ తెరవకుండా కొలవడం మేలు.

కొలత సరే, తయారీ?

కొలత సరిగ్గా వచ్చాక కంప్యూటర్‌లో పళ్ల వరుస గీస్తారు. ముందు రెజిన్‌తో తాత్కాలిక వరుస చేసి, రోగి కొన్ని వారాలు వాడి చూస్తారు. మాట తీరు, నమిలే తీరు, ముఖం పొంకం, శుభ్రం చేసుకోవడానికి వీలు అప్పుడే తేలతాయి. ఆ తర్వాతే శాశ్వతమైన వరుస.

దాన్ని టైటానియం దిమ్మె నుంచి యంత్రంతో చెక్కవచ్చు. కరిగించడం, పోయడం ఉండదు కాబట్టి కుంచింపు బెడద లేదు. టైటానియం లోహ విద్య తెలుగు నేలకు కొత్తదేమీ కాదు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిధాని సంస్థ వైద్య ఇంప్లాంట్లకు వాడే టైటానియం మిశ్రలోహాలు తయారుచేస్తోంది.

జిర్కోనియా అనే తెల్లని పింగాణీ జాతి పదార్థంతో చేస్తే పట్టా కథ మళ్లీ మొదటికి వస్తుంది. దాన్ని సుద్దముక్కలా మెత్తగా ఉన్నప్పుడే చెక్కి, తర్వాత సుమారు 1500 డిగ్రీల కొలిమిలో కాలుస్తారు. కాల్చినప్పుడు అది 20 శాతానికి పైగా కుంచించుకుంటుంది. ఆ మేరకు కంప్యూటర్ ముందే పెద్దదిగా చెక్కిస్తుంది. అయినా లాడం ఆకారం కొలిమిలో మెలి తిరిగే ప్రమాదం ఉంది కనుక, కాల్చేదాకా రెండు కొసల మధ్య ఒక ఊత ఉంచి, తర్వాత కోసేస్తారు.

ఇంకో ఉపాయం కూడా ఉంది. ఇంప్లాంటుపై కూర్చునే చిన్న టైటానియం గిన్నెలను కర్మాగారంలో కచ్చితంగా చేయిస్తారు. వాటిని ముందు ఇంప్లాంట్లపై బిగించి, పళ్ల వరుసను వాటిపై సిమెంటుతో అతికిస్తారు. మిగిలిన కొద్దిపాటి తేడా సిమెంటు పొరలో కలిసిపోతుంది. ఇక్కడా సూత్రం అదే.

అబద్ధం చెప్పని ప్లాస్టర్

ఇక రెండో ప్రశ్న: తేడా లేదని ఎలా తెలుసుకుంటారు?

ఒకే స్కానర్‌తో రెండుసార్లు కొలిచి, రెండూ కలిశాయి కాబట్టి కొలత సరైనదే అనుకోవడం సులువైన పొరపాటు. అరిగిపోయిన స్కేలుతో ఎన్నిసార్లు కొలిచినా అదే అంకె వస్తుంది. ప్రతిసారీ ఒకే జవాబు రావడం వేరు, ఆ జవాబు నిజం కావడం వేరు. కొలిచిన పరికరాన్ని వేరే పరికరంతోనే సరిచూడాలి.

అందుకే ఎంత డిజిటల్ పద్ధతి అయినా చివర్లో ఒక పాత పరీక్ష పెట్టుకోవడం మంచిది. డిజిటల్ కొలతతో చేసిన నమూనాపై ప్లాస్టర్‌తో ఒక సన్నని కడ్డీ పోసి, దాన్ని రోగి నోట్లో ఇంప్లాంట్లకు బిగిస్తారు. లోహం అయితే వంగి తప్పును దాచేస్తుంది. ప్లాస్టర్ వంగలేదు. తేడా ఉంటే పుటుక్కున విరుగుతుంది. విరగకపోతే కొలతను నమ్మవచ్చు.

పళ్ల వరుస తయారయ్యాక ఒక్క స్క్రూ పరీక్ష చేస్తారు. ఒక చివర స్క్రూ మాత్రమే బిగించి, మరో చివర ఫ్రేమ్ పైకి లేస్తోందేమో కంటితో, సన్నని పరికరంతో, ఎక్స్‌రేతో చూస్తారు. ఏమీ లేవకపోతే మిగతావి ఒక్కొక్కటే బిగిస్తారు. ఏదైనా స్క్రూ మధ్యలోనే గట్టిపడి మొరాయిస్తే అక్కడ ఏదో తేడా ఉన్నట్టే. ఇందులో డాక్టరు చేతి అనుభవానికి పెద్ద పాత్ర ఉంది.

క్యాంప్-2 పెద్దాయన అడగాల్సినవి

ఈ వైద్యం ఖరీదైనది. దవడ ఎముక కూడా పరిమితమే, ఒకసారి పోతే మళ్లీ పెంచడం కష్టం. కాబట్టి ఒప్పుకునే ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇంప్లాంట్ల చోటును ఏ పద్ధతిలో కొలుస్తారు? దాన్ని మరో పద్ధతితో సరిచూస్తారా? తాత్కాలిక వరుసతో ఎన్ని వారాలు గడపాలి? చివర్లో ఒక్క స్క్రూ పరీక్ష, ఎక్స్‌రే ఉంటాయా? ఏటా విప్పి శుభ్రం చేసే వీలుందా? వీటికి తడుముకోకుండా జవాబిచ్చే డాక్టరు దగ్గర ఏ కంపెనీ యంత్రం ఉందన్నది రెండో సంగతి.

ఇంతకన్నా చవకైన దారి కూడా ఉంది. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు, పళ్లు లేని కింది దవడకు రెండు ఇంప్లాంట్లపై బొత్తాల్లా తగిలించుకునే పెట్టుడు పళ్లను మొదటి ఎంపికగా సూచించారు. వాటిని రోజూ తీసి కడుక్కోవచ్చు. గట్టి లోహపు చట్రం ఇంప్లాంట్లన్నిటినీ ఒకటిగా బిగించదు కనుక మైక్రాన్ల బెంగ చాలా తక్కువ. చాలామందికి అదే సరిపోతుంది. భిలాయిలో, దుర్గ్ దగ్గర అంజోరాలో, రాజ్‌నంద్‌గావ్‌లో డెంటల్ కాలేజీలు, రాయపూర్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉన్నాయి. పెద్ద ఖర్చుకు దిగే ముందు అక్కడి కృత్రిమ దంతాల విభాగంలో రెండో అభిప్రాయం తీసుకోవడం మంచిది.

చివరిగా, ఏ కెమెరా సరిదిద్దలేని విషయం ఒకటుంది. 2016-17 జాతీయ సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్ వయోజనుల్లో దాదాపు 39 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. పొగాకు, బెల్లపు పాకం కలిపిన గుడాఖును పళ్లకు, చిగుళ్లకు రుద్దుకునే అలవాటు ఇక్కడ మామూలే. చిగుళ్ల జబ్బుతో పళ్లు ఊడడానికి పొగాకు ఒక పెద్ద కారణం. ఇంప్లాంట్లు విఫలమయ్యే అవకాశాన్నీ పొగ తాగడం పెంచుతుంది. మైక్రాన్ల లెక్కన కుదిర్చిన పళ్ల వరుస కింద అదే అలవాటు కొనసాగితే, ఆ శ్రమంతా వృథా.

కాబట్టి పెద్దాయన ప్రశ్నలకు జవాబు ఇది. ఒప్పుకునే తేడా సుమారు రెండు వెంట్రుకల మందం. డిజిటల్ పద్ధతి ఆ తేడాను మాయం చేయదు. ముద్ద, మైనం, పోతల్లో చేరే తప్పులను తప్పించి, వాటి చోట కుట్టు తప్పును, కొలిమి కుంచింపును తెచ్చిపెడుతుంది. ఇవి చిన్నవే కానీ లేనివి కావు. వాటిని ముందే లెక్కలోకి తీసుకుని, చివర్లో మరో కొలతతో సరిచూస్తేనే పళ్ల వరుస బలవంతం లేకుండా కూర్చుంటుంది. పట్టాను ఒక శాతం ఎక్కువగా కోసి, చల్లారాక మళ్లీ కొలిచిన మనిషికి ఈ జాగ్రత్త గురించి వేరే చెప్పనక్కరలేదు.